నాలుగున్నరకి వెళ్ళే మూట

"డోరిన్ ష్రాక్ అనే లారీ డ్రైవర్ అయిదింటికల్లా అరెస్టవుతుంది. ఆరింటికి జైల్లో చచ్చిపోతుంది" అన్నాడు చీఫ్ ఫోన్‌లో, వాతావరణ వార్తలు చదువుతున్నంత చల్లగా. "అది జరక్కూడదు."

ఏజెంట్ క్రైడర్ యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యలేదు. పెన్సిల్వేనియా కొండల్లో రోడ్డు మెలికలు తిరుగుతోంది.

ఒక విదేశీ ముఠా దొంగచాటుగా దాటిస్తున్న క్షిపణి విడిభాగాలను డోరిన్ తెలియక తన లారీలో మోసింది. తెలిశాక నోరు మూసుకోమన్నారు. ఆమె నోరు మూసుకునే రకం కాదు. ఫోన్ కాలవలో పారేసి, సాక్ష్యం చెప్పడానికి అదే లారీలో ఫిలడెల్ఫియా బయల్దేరింది. ముఠా తుపాకీ తియ్యలేదు. దారిలో ఉన్న టాన్‌బర్గ్ కౌంటీ కోర్టు కంప్యూటర్లో ఆమె మీద దొంగ కేసు ఎక్కించింది. తాగి నడిపిందనీ, నేరం రుజువైందనీ, శిక్ష తప్పించుకు పారిపోయిందనీ, అందుకు వారెంటనీ.

ఆ కోర్టులో నమోదైన ట్రాఫిక్ కేసులన్నీ రోజూ నాలుగున్నరకి ఒకే మూటగా లైసెన్సుల ఆఫీసుకీ, అక్కణ్ణించి ప్రతి పోలీసు కారుకీ వెళ్తాయి. ఆ తర్వాత ఎంత నిజాయితీపరుడైన పోలీసైనా ఆమెను ఆపాల్సిందే. జైల్లో ఖైదీ వేషంలో ముఠా ఆడమనిషి కాచుకుని ఉంది.

"కోర్టులో సిల్వీ ఉంది, మన మనిషే. కంప్యూటర్ ఇంజినీరు వేషం" అన్నాడు చీఫ్. "కేసు చెరిపేసి రా."

నాలుగూ అయిదుకి క్రైడర్ కోర్టు మెట్లెక్కాడు. ఎర్ర కోటులో సిల్వీ నవ్వింది. ఆ నవ్వుకి జడ్జిలు కూడా శిక్ష తగ్గిస్తారు.

"పసుపు లైటు పడితే?" అన్నాడతను.

"మంచివాళ్ళు ఆగుతారు. మనం దాటేస్తాం." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "కానీ క్రైడర్, ఆ కేసు నిజమైందే. నెంబరు వరసలోనే ఉంది, కేసు రాసిన పోలీసు బ్యాడ్జీ నెంబరూ సరిపోయింది. చీఫ్ పొరబడ్డాడు, వదిలెయ్."

క్రైడర్ వినలేదు. జేబులోంచి పెన్ను తీశాడు. కంప్యూటర్‌కి గుచ్చితే ఏ రికార్డునైనా మింగేసే పెన్ను. గుచ్చబోతుంటే ముడతలుపడిన చెయ్యొకటి అడ్డొచ్చింది. కోర్టు క్లర్కు ఎర్మా. ఆ కుర్చీలో ముప్ఫై ఒక్కేళ్ళుగా కూర్చున్న మనిషి.

"తీసెయ్ నాయనా అది."

"ఒక మనిషి ప్రాణం పోతుందమ్మా!" జరిగింది గబగబా చెప్పాడు.

"పోనివ్వను. కానీ ఈ కోర్టులో రాసింది ఎవడూ చెరపడు. సెనేటర్ గారబ్బాయి కేసే చెరపలేదు, నువ్వెంత? నీకోసం ఇవాళ చెరిపితే, రేపింకొకడి కోసం రాయాలి. ఆ దొంగ వెధవలు చేసిందీ అదేగా? తప్పయితే జడ్జిగారి సంతకంతో తప్పని రాస్తాం. ఏదీ, చూడనీ."

క్రైడర్‌కి ఒళ్ళు మండింది. అయినా ఆమె అన్నది నిజం. పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

ఎర్మా కళ్ళజోడు సర్దుకుని తెర చదివింది. చదివి పకపకా నవ్వింది.

"విచారణ తేదీ డిసెంబరు ఒకటి, సోమవారమా! జింకల వేట మొదలయ్యే రోజే!"

"ఆ రోజు కోర్టుకి సెలవేం లేదు, క్యాలెండర్ చూశాను" అంది సిల్వీ.

"తాతకి దగ్గులు నేర్పకు తల్లీ. కాగితం మీద సెలవు లేదు. కానీ జడ్జిగారు తుపాకీతో చెట్టెక్కి జింక కోసం కూర్చుంటారు. పోలీసులూ లాయర్లూ ముద్దాయిలూ అంతా అడవిలోనే. నేను తలుపేసుకుని ఇంట్లో యాపిల్ కేకు చేసుకుంటా. ఆ రోజు ఇక్కడ ఒక్క కేసూ నడవదు, ఇది రాసినవాళ్ళు ఈ ఊరివాళ్ళు కారు." ఎర్మా నవ్వు ఆగిపోయింది. "పైగా నా పాస్‌వర్డ్‌తో రాశారు. పోయిన వారం మరమ్మతుకని అది నీకొక్కదానికే ఇచ్చాను."

సిల్వీ చేతిలో లిప్‌స్టిక్ మెరిసింది. దాని మూతి తుపాకీ గొట్టం. "నాలుగూ ఇరవై నాలుగు. ఆరు నిమిషాలు ఎవరూ కదలకండి."

"కాల్చుకో. అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, నీకు భయపడతానా?" అంటూనే ఎర్మా ఇనప సీలెత్తి ఆమె మణికట్టు మీద ఠపీమని దించింది. లిప్‌స్టిక్ ఎగిరిపడింది. క్రైడర్ సిల్వీ చేతులకి సంకెళ్ళు వేశాడు. ఎర్ర కోటు మీద కోర్టు ముద్ర నీలంగా పడింది.

చప్పుడుకి జడ్జి ఓబర్ పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. తెర చూసి మండిపడ్డాడు. "ఆ రోజు నేను జింకని కొట్టాను! ఫోటో కూడా ఉంది!" కేసు కొట్టేసి, వారెంటు రద్దు చేసి సంతకం పెట్టాడు.

ఎర్మా ఆ ఉత్తర్వును రెండు వేళ్ళతో టైపు చెయ్యసాగింది. నాలుగూ ఇరవై తొమ్మిది.

"నేను కొట్టనా అమ్మా?" అన్నాడు క్రైడర్.

"ముట్టుకోకు."

ఆఖరి అక్షరం, ఎంటర్. ఆ వెంటనే గడియారం అర గంట కొట్టింది. మూట వెళ్ళిపోయింది.

పది నిమిషాలకి డోరిన్ లారీ కోర్టు ముందునుంచే దర్జాగా సాగిపోయింది. మూలనున్న పోలీసు ఆమెకు చెయ్యూపి, రోడ్డు దాటి లోపలికొచ్చాడు. నలభై అయిదు మైళ్ళు దాటకూడని చోట తొంభై ఆరుతో వచ్చిన కారెవరిదని అడిగాడు.

క్రైడర్ జేబులో నాలుగు పేర్లతో నాలుగు లైసెన్సులున్నాయి. ఎర్మా వైపు చూశాడు. "అమ్మా, ఇదొక్కటీ..."

ఎర్మా సీలు మీద చెయ్యి వేసింది. "పేరు చెప్పు నాయనా. అసలుది."

చెప్పాడు. పదిహేనేళ్ళుగా ఏ దేశపు గూఢచారీ కనిపెట్టలేకపోయిన ఆ పేరు, మర్నాడు సరిగ్గా నాలుగున్నరకి రాష్ట్రంలోని ప్రతి పోలీసు కారుకీ చేరిపోయింది.