కుడి పక్కన లివరు

పొద్దున్నే షెడ్డులోంచి గ్రైండరు రొద మొదలైందంటే ఆ ఇంట్లో ఎవరికీ అలారం అక్కర్లేదు. కూతురు దిండు నెత్తిన కప్పుకుని కాసేపు పళ్ళు నూరి, చివరికి లేచి వంటింట్లోకి వచ్చింది. తల్లి ఎడమచేత్తో పాలగిన్నె దించుతోంది. కుడిచెయ్యి ఊరికే పక్కన వేలాడుతోంది.

"నాన్నకి ఆదివారం కూడా సెలవుండదా అమ్మా?"

"రిటైరైన మనిషికి అన్నీ ఆదివారాలేగా! ఇవాళ అయిపోతుందట. ఒకటే హడావిడి."

ఇంటి వెనక నర్సరీ ఆవిడది. మడులు దున్నడానికి ఒక పాత చిన్న ట్రాక్టరుంది. దాని వెనక తగిలించిన గొర్రు పైకి లేవాలంటే సీటు పక్కనున్న ఇనప లివరును కుడిచేత్తో బలంగా లాగాలి. మడి చివరికి వచ్చిన ప్రతిసారీ లాగాలి. ఏళ్ళ తరబడి అలా లాగీ లాగీ ఆవిడ కుడిభుజం పాడైంది. చెయ్యి వెనక్కి చాపితే ప్రాణం పోతుంది. ఇక ఆ లివరు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ట్రాక్టరు ఎక్కకపోతే నర్సరీ ఇంకెక్కడిది?

అప్పుడే ఆవిడ భర్త, "హైడ్రాలిక్ లిఫ్టు పెట్టేస్తా. వేలితో తోస్తే చాలు, గొర్రు దానంతటదే లేస్తుంది," అన్నాడు. ఆయన బస్సు డిపోలో ఫిట్టరుగా చేశాడు. పాత సామాన్ల కొట్టులో సిలిండరు వెతికి తెచ్చాడు. ఇంజను బెల్టుతో తిరిగేలా ఆయిలు పంపు బిగించాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా కోసి మళ్ళీ అతికించాడు. భార్యను మాత్రం షెడ్డు గుమ్మం దాటనివ్వలేదు. "పూర్తయ్యాక చూద్దువుగాని," అని తలుపేసుకునేవాడు. అంత ఘనకార్యం మరి!

ఫలహారం కాగానే పిలుపొచ్చింది. ఆయన సీటు మీద దర్జాగా కూర్చుని ఇంజను ఆన్ చేశాడు. పొడవాటి కుడిచెయ్యి వెనక్కి చాపి, మడ్‌గార్డు మీద బిగించిన చిన్న లివరును తోశాడు. గొర్రు మెత్తగా పైకి లేచింది. కూతురు చప్పట్లు కొట్టింది.

"ఇప్పుడు నువ్వెక్కు," అన్నాడు భార్యతో, పెళ్ళికొడుకులా నవ్వుతూ.

ఆవిడ ఎక్కింది. లివరు కోసం చూసింది. అది కుడివైపు, సీటుకు బాగా వెనకుంది. అయినా పంటి బిగువున చెయ్యి చాపింది. "అమ్మా!" అని కేక పెట్టి భుజం పట్టుకుంది.

ఆయన గబగబా ఇంజను ఆపాడు. ఆవిడ మెల్లగా కిందికి దిగింది.

"ఎవరికోసం చేశారండీ ఇది?"

"అదేం ప్రశ్న? నీ కోసమే."

"నా ఏ భుజం పోయింది?"

ఆయన చూపు ముందు ఆవిడ ఎడమ భుజం మీదికి వెళ్ళి, తడుముకుని కుడివైపుకు వచ్చింది. అది ఆవిడ చూడనే చూసింది.

"వెతుక్కుంటున్నారా!"

"అమ్మా, నాన్న తొందరలో..."

"నువ్వాగు!"

ఆయనకీ ఒళ్ళు మండింది. "పాతది కుడివైపే ఉందిగా, అలవాటని అక్కడే పెట్టాను! ఇన్నాళ్ళు నడుం విరగ్గొట్టుకుంటే ఒక్క మంచి మాట లేదు!"

"సీటు మీద కూర్చుని కొలుచుకుంది ఎవరు?"

"నేనే."

"నడిపేది ఎవరు?"

"ఇకమీదట నేనే నడుపుతా! నువ్వు హాయిగా వరండాలో కూర్చో!"

మాట జారిపోయింది. ఆయనకీ తెలిసింది.

"అలా చెప్పండి!" అంది ఆవిడ. "నన్ను కుండీలో పెట్టి పూటపూటకీ నీళ్ళు పోస్తారా? వంటగట్టు నా కోసమే అన్నారు, మీ ఎత్తుకు కట్టించారు. బట్టల తీగ నా కోసమే అన్నారు, మీ చేతికందేలా కట్టారు. ఒక్కసారైనా నన్ను నిలబెట్టి కొలిచారా?"

"తీగ అందక అమ్మ స్టూలెక్కుతుంది నాన్నా," అంది కూతురు నెమ్మదిగా. "నువ్వెప్పుడూ చూళ్ళేదా?"

ఆయన చేతిలోని పానా నేలకేసి కొట్టాడు. ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడి, బల్లమీద కూలబడ్డాడు.

"ఆ రోజు మడిలో లివరు లాగుతూ నువ్వు అరిచినప్పుడు నేనిక్కడే ఉన్నా," అన్నాడు. "నీకేదో అయిపోయిందనుకున్నా. లిఫ్టు నీకనే మొదలెట్టినా, నిన్ను దీని మీద ఎక్కనివ్వకూడదనే లోలోపల ఉండేది."

"ఆ మాట నాతో అనొచ్చుగా?"

"అంటే వింటావా?"

"వినను! అయినా అనాలి."

తన భయాన్ని ఆవిడ నెత్తిన రుద్దానని ఆయనకు అర్థమైంది. అర్థమయ్యేసరికి సిగ్గేసింది. లేచి పానా తీసుకుని, అంత ముచ్చటపడి బిగించిన బోల్టులు ఒక్కొక్కటే ఊడదీశాడు. ఆయిలు కారి చొక్కా అంతా పాడైంది. ఊడిన లివరును చేత్తో పట్టుకుని భార్య ముందు నిలబడ్డాడు.

"ఎక్కి కూర్చో."

ఆవిడ విసురుగా ఎక్కి కూర్చుంది.

"ఎక్కడ పెట్టమంటావు?"

కాపురానికి వచ్చాక ఈ ప్రశ్న ఆవిడ వినడం ఇదే మొదలు. కోపం కోపంగానే ఉంది, కళ్ళు మాత్రం మాట వినలేదు. ఎడమచెయ్యి చాపింది. వెనక్కి కాదు, ముందుకు, మోకాలి పక్కకి.

"ఇక్కడ."

"పైపులు అంత దూరం రావు. కొత్తవి తేవాలి."

"తెండి."

ఆయన సుద్దముక్కతో ఆవిడ వేళ్ళ కింద గీత గీశాడు. చెయ్యి కాస్త ఎత్తించి, దించి, మళ్ళీ అడిగి, ఆ గీత చెరిపి ఇంకోటి గీశాడు.

"కోపం పోయిందా?"

"లేదు," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "ముందు బిగించండి. మడి దున్నొచ్చాక చూద్దాం."