పాట రాని పెళ్ళికొడుకు

పెళ్ళిచూపుల్లో పాట పాడమన్నది పెళ్ళికూతురినే. మందసలో ఆ సాయంత్రం గౌరమ్మ ఒక చరణం పాడి ఆపి, నేరుగా పెళ్ళికొడుకు వైపు చూసింది.

"ఆయనకి గిటారు వచ్చునట గదా. ఇప్పుడు ఆయన వంతు."

ఢిల్లేశ్వరరావు పలాస స్టేషనులో బుకింగ్ క్లర్కు. ఆర్నెల్లుగా, అంటే 1968 మొదలైన దగ్గర్నుంచి, ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర గిటారు నేర్చుకుంటున్నాడు. పాఠం కాగానే అటునుంచి అటే బస్సెక్కాడు కాబట్టి గిటారు వెంటే ఉంది. సంబంధం తెచ్చిన మధ్యవర్తి మాత్రం అతన్ని ఏకంగా విద్వాంసుణ్ణి చేసేశాడు.

"నాకింకా పాటలు రావండి," అన్నాడతను తడబడకుండా. "స్కేల్సూ, ఆర్పెజియోలే, అంటే మన సరళీస్వరాల్లాంటివే వచ్చు. అవే వాయిత్తాను."

మూడు స్వరాలు పైకి, ఒకటి వెనక్కి, మళ్ళీ మూడు పైకి. కొస దాకా వెళ్ళకముందే వేలు జారింది. ఆగాడు. మొదటినుంచి ఎత్తుకున్నాడు. అక్కడే మళ్ళీ జారింది. మూడోసారికి స్వరాలన్నీ వరసగా పలికాయి.

"ఎంతసేపూ మెట్లెక్కి దిగడమేనా బాబూ? ఇంట్లోకి రావేటి?" అంది గౌరమ్మ నాయనమ్మ బొడ్డమ్మ. అందరూ ఘొల్లున నవ్వారు.

గౌరమ్మా, ఆమె తండ్రి సోములూ మాత్రం నవ్వలేదు. "మజ్జిగ తాగి బయల్దేరండి," అన్నాడు సోములు ముభావంగా.

అంతలో వాన పట్టుకుని, ఢిల్లేశ్వరరావు వరండాలోనే ఆగిపోయాడు. మజ్జిగ గ్లాసుతో గౌరమ్మే వరండాలోకి వచ్చింది.

"తప్పు పోయినా ముందుకెల్లిపోతే ఎవులికి తెలుత్తాది?"

"నాకు తెలుత్తాది గదండి."

"అందరూ నవ్వుతారని సిగ్గెయ్యలేదా?"

"మీరు నవ్వకుండా ఇన్నారు. అందుకే మూడోసారికి కుదిరినాది."

ఆమె చప్పున వాన వైపు తిరిగింది. పెదవుల మీది నవ్వు మాత్రం దాగలేదు.

ఆమె లోపలికి రాగానే సోములు గొంతు తగ్గించి, "ఒక్క పాటైనా రాదు. మనకొద్దమ్మా," అన్నాడు.

"విద్వాంసుడని కోతలు కోసింది మధ్యవర్తి గదా, అయ్యా. ఈయన మనందరి ముందూ నిజం సెప్పినాడు, తప్పు దిద్దుకున్నాడు. నాకీయనే కావాల."

సోములు కూతురి మాట విని లేచాడు. నేరుగా వరండాలోకి వచ్చాడు.

"పాట ఎప్పటికొత్తాది బాబూ?"

"ఏడాది పడతాదండి."

"మరా ఏడాదంతా పక్కన కూకుని ఇనేదెవులు?" అంది తలుపు దగ్గర్నుంచి గౌరమ్మ. "నేనే గదా."

ఢిల్లేశ్వరరావు గ్లాసు పక్కన పెట్టి గిటారు అందుకున్నాడు.

సోములు ఫక్కున నవ్వి, పంచాంగం తెమ్మని కేకేశాడు.