ప్లగ్గు చేతిలోనే ఉంది

కాళేశ్వరరావు మార్కెట్ వెనక తాళ్ళ కొట్ల సందులో, జక్కయ్యగారి కొట్టు మీద ఒక గది ఉంది. పక్కనుంచి ఇనప మెట్లు. ఆ గదంటే బెజవాడ వన్‌టౌన్‌లో అందరికీ హడలు. ట్యూషన్లు పెట్టినాయన మూడు నెలలున్నాడు. కొరియర్ వాళ్ళు నలభై రోజులు. ఒక డాన్స్ మాస్టారైతే గోడలకి అద్దాలు బిగించి, వాటిని విప్పుకోకుండానే పారిపోయాడు.

ఎందుకంటే... అక్కడ కాశీరావు ఉన్నాడు.

ఉన్నాడంటే బతికి కాదు. క్యాసెట్ల రోజుల్లో ఆ గదిలో రికార్డింగులు చేసేవాడు. భజనలు, చర్చి పాటలు, మా దర్గా కవ్వాలీలు, ఎన్నికల పాటలు — ఊళ్ళో ఎవరు పాడినా ఆయన మైకు ముందుకి రావాల్సిందే. ఒక రాత్రి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. పొద్దున జక్కయ్యగారు తలుపు తోసి చూస్తే మనిషి చల్లబడిపోయి ఉన్నాడు... టేపు మాత్రం తిరుగుతూనే ఉందట.

"క్యాసెట్టు రాత్రంతా ఎలా తిరుగుతుందండీ, అరగంటకోసారి తిప్పి పెట్టాలి కదా?" అని నేనడిగితే జక్కయ్యగారు నా వంక అదోలా చూశారు. మళ్ళీ అడగలేదు.

అప్పట్నుంచీ రాత్రిపూట ఆ గదిలో ఫ్యాను ఆపితే చాలు... మ్‌మ్‌మ్‌... అని ఒక హోరు. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు కాశీరావుకి అలా గొంతులోనే కూనిరాగం తీసే అలవాటుండేదట.

నేను దెయ్యాల్ని నమ్మను. మంగళగిరి చీరలు తెచ్చి ఇంట్లో అమ్ముకుంటాను. పగలంతా బేరాలాడేవాళ్ళతోనే సరిపోతుంది, ఇంక దెయ్యాలతో కూడానా! కానీ ఆ గదిని ఏరికోరి అద్దెకి తీసుకున్న మహానుభావుడు మా తమ్ముడు తౌసిఫ్. వాడు చెప్పిందే మీకు చెబుతున్నా. వాడికి అబద్ధం ఆడటం రాదు, ఆడబోతే ముందు చెవులు ఎర్రబడతాయి.

తౌసిఫ్, వాడి స్నేహితుడు ఫిలిప్ కలిసి అక్కడ చిన్న స్టూడియో పెట్టారు. ఫిలిప్ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. గదికి అడ్డంగా గాజు అద్దం బిగించి రెండు ముక్కలు చేశారు — అటు పాడేవాళ్ళు, ఇటు వీళ్ళు. గోడ అలమార సర్దుతుంటే కాశీరావు వాడిన ఇనప్పెట్టె ఒకటి దొరికింది. ప్రీయాంప్ అంటారట. మైకులోంచి వచ్చే గొంతు చీమంత ఉంటుంది, దాన్ని మనిషంత చేసేది ఆ పెట్టే. ఎత్తితే నడుం పట్టేసేంత బరువు.

ఇద్దరికీ అక్కడ మొదలైంది.

"దీంట్లోంచి వస్తే గొంతుకి ఒక నిండుదనం ఉంటుందిరా," అంటాడు మావాడు.

"ఆ నిండుదనమంతా కంప్యూటర్లోకి వచ్చేసింది బ్రో," అంటాడు ఫిలిప్. "పాత పెట్టెలన్నిటికీ అచ్చుగుద్దినట్టు నకళ్ళు చేసి పెట్టారు. ఒకటి నచ్చకపోతే తీసేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. నీ పెట్టెలోంచి వెళ్ళింది మాత్రం ఎలా పడితే అలా పడిపోయినట్టే, వెనక్కి తీయలేం."

"నకలు నకలేరా."

"నీ చెవికి తేడా తెలిస్తేగా!"

రెండు నెలలపాటు మా ఇంట్లో అన్నం దగ్గర ఇదే గోల. ఒకరోజు ఫిలిప్ నేను చేసిన బిర్యానీ సగంలో వదిలేసి అలిగి లేచిపోయాడంటే చూడండి మరి! పైగా ఆ పెట్టెకి ఒక జబ్బుంది. స్విచ్ వేస్తే మ్‌మ్‌మ్‌ అంటుంది. "కాశీరావు హోరు ఇదే ఆపా, దెయ్యమూ లేదు పాడూ లేదు," అని అక్కనైన నాతో అంటూ తౌసిఫ్ ధైర్యంగానే ఉండేవాడు. స్విచ్ తీస్తే హోరు ఆగిపోయేది కదా, అదీ వాడి ధైర్యం.

ఇలా ఉండగా మొన్న చలికాలంలో ఒక శనివారం, బందరు పక్కన గిలకలదిండి నుంచి గంగాప్రసాద్ అనే చేపల వ్యాపారి వాళ్ళమ్మని తీసుకొచ్చాడు. పోలేరమ్మగారు. డెబ్బై దాటిన మనిషి. పెళ్ళి పాటలు, ఉయ్యాల పాటలు, వేటకెళ్ళిన బోట్లు రాకపోతే గట్టు మీద కూర్చుని పాడుకునే పాటలు... వాళ్ళ పేటలో అవన్నీ వచ్చింది ఆవిడొక్కదానికే. మిగతావాళ్ళకి తలా ఒక ముక్క వచ్చు, అంతే.

ఆవిడ గొంతులో గడ్డ. సోమవారం బెజవాడలోనే ఆపరేషన్. ప్రాణానికేమీ భయం లేదుగానీ, ఆ తర్వాత పాట వస్తుందో రాదో చెప్పలేమని డాక్టరు ముందే చెప్పేశాడు.

"ఫోన్లో తీశానండి," అన్నాడు గంగాప్రసాద్. "అంతా సముద్రం గాలే పడింది, అమ్మ గొంతు పడలేదు. రేపు పొద్దున్నే ఆస్పత్రిలో చేర్చాలి. ఈ ఒక్క రాత్రే ఉందండీ."

పగలు ఆ సందులో ట్రాలీ ఆటోల రొద. పదిన్నర దాటితేగానీ సందు నోరు మూయదు. అందుకని పదకొండింటికి కూర్చున్నారు.

ముందు పెట్టె ఆన్ చేశారు. మ్‌మ్‌మ్‌... తౌసిఫ్ మొహం మాడిపోయింది. ఇంత హోరు ఆవిడ గొంతు కింద పడితే ఎప్పటికీ పోదు, మళ్ళీ తీసుకునే రాత్రి లేదు. మనసు చంపుకుని పెట్టె ఆపేశాడు. మైకు వైరు తీసి తిన్నగా కంప్యూటర్ వైపు పెట్టాడు. ఫిలిప్ తనే గెలిచినట్టు ఈల వేశాడట.

హోరు పోయింది. గది నిశ్శబ్దం.

పోలేరమ్మగారు అద్దం అవతల స్టూలు మీద కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పాట ఎత్తుకున్నారు. రెండు ముక్కలు పాడేసరికి గొంతు పక్కకి జారింది. ఆపారు. మళ్ళీ ఎత్తుకున్నారు. మళ్ళీ జారింది.

"చెవుల్లో దూది కుక్కినట్టుందయ్యా," అన్నారు. "ఏదీ పట్టు దొరకట్లా."

అరగంట గడిచింది. ఒక్క పాట పడలేదు. గంగాప్రసాద్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఫిలిప్ కంప్యూటర్ దగ్గరికొచ్చి ఏదో నొక్కి, "కొడుకు ఎదురుగా ఉంటే ఆవిడకి కంగారు, నేను ఈయన్ని పంజా సెంటర్ దాకా తీసుకెళ్ళి ఏదన్నా తినిపిస్తా. నువ్వు కానీయ్," అని ఆయన్ని వెంటబెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

తౌసిఫ్ లేచి తలుపేశాడు. ఇవతలి ఫ్యాను కూడా ఆపాడు. వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

మ్‌మ్‌మ్‌మ్‌...

పెట్టె ఆపలేదేమో అనుకున్నాడు. చూశాడు. ఆపే ఉంది. ఎర్ర లైటు లేదు.

మ్‌మ్‌మ్‌మ్‌...

వంగి, గోడకున్న ప్లగ్గు పీకేశాడు.

మ్‌మ్‌మ్‌మ్‌...

అదే హోరు. అదే పెట్టె గొంతు. వైరు వేళ్ళాడుతోంది, ప్లగ్గు చేతిలో ఉంది... చెవుల్లో మాత్రం ఎవరో నోరు మూసుకుని కూనిరాగం తీస్తున్నారు. మావాడికి పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడు... హెడ్‌ఫోన్లలో, చెవి పక్కనే, సన్నగా ఒక గొంతు.

"వచ్చింది బాబూ... ఇప్పుడొచ్చింది..."

పోలేరమ్మగారు. అద్దం అవతల నిటారుగా కూర్చుని ఉన్నారు.

"ఏ... ఏమొచ్చింది మామ్మగారూ?"

ఆవిడ పాడటం మొదలుపెట్టారు. తౌసిఫ్ వేలు ఎలా నొక్కిందో వాడికే తెలీదుగానీ, రికార్డు మీట నొక్కేసింది.

అరగంట నుంచి తడబడిన మనిషేనా ఈవిడ! హోరు ఎక్కడుందో గొంతు సరిగ్గా అక్కడే కూర్చుంది. హోరు పక్కనే నడుస్తోంది, దాని మీదెక్కి ఊగుతోంది. కాశీరావు శ్రుతి ఇస్తున్నట్టు... ఈవిడ అందుకుని పాడుతున్నట్టు...

పాట అయిపోయింది. ఇంక లేచి పోదామని తౌసిఫ్ కుర్చీలోంచి కొంచెం లేచాడు.

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. గుడ్లప్పగించి వీడినే చూస్తూ, ఊపిరి కూడా తీసుకోకుండా రెండో పాట ఎత్తుకున్నారు.

కూర్చున్నాడు. చూపు కొంచెం తగ్గింది.

రెండో పాట చివర మళ్ళీ లేవబోయాడు. మళ్ళీ ఆ కళ్ళు... గొంతు ఒక్కసారిగా పైకి లేచింది... మూడో పాట.

మధ్యలో నీళ్ళు తాగలేదు. చెమట తుడుచుకోలేదు. రెప్ప వేయలేదు. పాట మీద పాట, పాట మీద పాట. కాశీరావు ఈవిడలోకి దూరాడు, ఇంకేం సందేహం లేదు అనుకున్నాడు మావాడు.

"మరి పారిపోలేదేంరా?" అని అడిగాను తర్వాత.

"ఎలా పోతాను ఆపా? ఆ తలుపు తీస్తే కిర్రుమంటుంది, పాట మీద పడుతుంది. ఆవిడకి ఇంకో రాత్రి లేదుగా," అన్నాడు. "నాకొచ్చిన దువాలన్నీ మనసులో చదువుకుంటూ కూర్చున్నా."

వెధవ, ఆ మాట అంటుంటే నాకు ముద్దొచ్చాడు.

గంట గడిచింది. ఇనప మెట్ల మీద... టంగ్... టంగ్... టంగ్... తలుపు కిర్రుమంది. తౌసిఫ్ కెవ్వున అరిచాడు.

ఫిలిప్. చేతిలో పరోటాల పొట్లం. వెనకాల గంగాప్రసాద్.

"అయిపోయినియ్యయ్యా," అన్నారు పోలేరమ్మగారు అద్దం అవతల నుంచి మామూలుగా. "పద్నాలుగు. అన్నీ అయిపోయినియ్."

"రేయ్... ప్లగ్గు..." తౌసిఫ్ దాన్ని పైకెత్తి చూపించాడు. "ప్లగ్గు నా చేతిలోనే ఉందిరా... అయినా ఆగలా... కాశీరావు..."

ఫిలిప్ వాడి చేతిలో ప్లగ్గు చూశాడు. కంప్యూటర్ తెర చూశాడు. పొట్లం కింద పెట్టి, తనూ నేల మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు.

సంగతేమిటంటే... ఆవిడ చెవికి గొంతు పేలవంగా వినబడుతోందని, వెళ్ళే ముందు ఫిలిప్ కంప్యూటర్లో పాత పెట్టె నకలొకటి తగిలించి పోయాడు. చెబితే తౌసిఫ్ మళ్ళీ గొడవకొస్తాడని చెప్పలేదు. ఆ నకలు చేసినవాళ్ళు ఎంత ఘనులంటే, పాత పెట్టె స్వరంతో పాటు దాని హోరు కూడా నకలు తీసి పెట్టారు! దానికో చిన్న మీట ఉందట, వద్దనుకుంటే మనమే ఆపుకోవాలట. ఫిలిప్ దాన్ని చూసుకోలేదు.

మీట నొక్కాడు. హోరు ఆగింది. మళ్ళీ నొక్కాడు. మ్‌మ్‌మ్‌.

పవర్‌లూమ్ వాడు చేనేత చీరని నకలు కొడతాడు, నేను రోజూ చూసేదే. కానీ నేతలో పడ్డ తప్పు పోగుని కూడా పనిగట్టుకుని నేసేవాణ్ణి ఎక్కడా చూడలేదమ్మా!

అదృష్టం ఏమిటంటే, ఆ నకలు వినడానికే. లోపల పడింది మాత్రం ఉత్త గొంతు, మంచినీళ్ళలా శుభ్రంగా ఉంది. ఫిలిప్ ఆ శుభ్రమైనది వినిపించాడు. పోలేరమ్మగారు తల అడ్డంగా ఊపారు.

"ఆ ఇంజను చప్పుడు తీసేశారేం? ఇంజను లేకుండా మేమెప్పుడు పాడామయ్యా? బోటు మీద పాడినా అదే, ఐసు ఫ్యాక్టరీలో పాడినా అదే. అది వచ్చాకేగా నాకు పట్టు దొరికింది."

చివరికి హోరున్నదే ఇచ్చి పంపారు. ఇద్దరి పంతమూ నెగ్గలేదు. ఇప్పుడు ముందు శుభ్రంగా తీసుకుని, తర్వాత ఏ నకలు కావాలంటే అది తొడుగుతున్నారు. ఇనప్పెట్టెని మాత్రం మావాడు అలమార దాటనివ్వడు.

అయినా వాడికి భయం పోలేదు. "హోరు సంగతి సరే ఆపా. ఆవిడ చూపు? అది మనిషి చూపు కాదు," అంటాడు. మూడు వారాలు లైటు వేసుకునే పడుకున్నాడు.

ఇక్కణ్ణుంచి విన్నది కాదు, నా ఎదురుగా జరిగింది.

ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు ఆవిణ్ణి మాట్లాడనివ్వలేదు. చూపించుకోవడానికి మళ్ళీ బెజవాడ వచ్చినప్పుడు, ఎండు రొయ్యల సంచీ పట్టుకుని కొడుకుతో సహా మా ఇంటికే వచ్చారు. గడ్డ పోయింది. పాట కూడా పోయింది. మాటయితే మిగిలిందిగానీ, అదీ గుసగుసే. నాకు గుండె కలుక్కుమంది. ఆవిడ మాత్రం తౌసిఫ్‌ని చూసి నవ్వారు. వాడు తలుపు పక్కనే నిలబడ్డాడు, దగ్గరికి రాడే!

నేనే ఉండబట్టలేక అడిగేశాను. "ఆ రాత్రి మావాణ్ణి ఎందుకలా చూశారు మామ్మగారూ? పిల్లాడు జడుసుకున్నాడు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగారు. చెవిలో గరగరమంటూ గుసగుస...

"నేనేం చేసేదమ్మా... చేతిలో ఆ వైరు పట్టుకుని గజగజా వణుకుతున్నాడు... పాటకీ పాటకీ మధ్య సందు దొరికితే లేచి పారిపోయేలా ఉన్నాడు. నాకా, ఆ ఒక్క రాత్రే... అందుకే కదలనివ్వకుండా కళ్ళతోనే పట్టి కూర్చోబెట్టా."

ఊపిరి అందుకుని మళ్ళీ అన్నారు.

"నాకు మాత్రం భయం లేదా తల్లీ? సోమవారం ఆపరేషన్ తల్చుకుంటే అప్పటికే కాళ్ళు చల్లబడ్డాయి. ఇద్దరం వణుక్కుంటానే పద్నాలుగు పాటలూ కానిచ్చేశాం."