గెలిచినవాడి కాలు నేల తాకకూడదు

ఆ దొంగను పట్టుకున్నది నేనే. మా కొండ ఊళ్లో ఎవరినైనా అడగండి... ఎర్సీలియాను తప్ప.

సర్ర్ర్...!

చర్చిలో గుడ్డ కోసిన చప్పుడు.

ఎర్సీలియా తలుపు తోస్తుంది. చర్చి తాళాలు ఆమె నడుముకే వేలాడతాయి.

గోడమీద ఖాళీ చట్రం!

దాని ముందు తుల్లియో. పటం శుభ్రం చేస్తానని రోమ్ నుంచి వచ్చినవాడు. చేతిలో కత్తి. చంకలో చుట్టిన పటం.

మూడొందల ఏళ్లనాటి నూనెరంగుల పటం. ప్రాచీన గ్రీసు పరుగువీరులు ఇద్దరు, ఒంటిమీద నూలుపోగు లేకుండా. తీసెయ్యమన్న బిషప్పులు ఎందరో పోయారు. పటం పోలేదు. దానికి మొక్కకుండా మా ఊరి పరుగుపందెంలో ఎవడూ పరిగెత్తడు.

"తప్పుకో ముసలమ్మా."

"బిషప్పులకే ఇవ్వలేదు నాయనా. నువ్వెంత?"

ఒక్క తోపు! ఎర్సీలియా నేలమీద. దొంగ వీధిలో.

ఆమె లేస్తుంది. మోకాలు చిట్లింది. అయినా పరుగు!

సందు. మెట్లు. మళ్లీ సందు.

అతనికి పాతికేళ్లు. ఆమెకు అరవై దాటాయి. దూరం పెరుగుతోంది...

ఎదురుగా ఫౌంటెన్. అది దాటితే అతని మోటారుసైకిల్!

ఫౌంటెన్ చుట్టూ ఊరు ఊరంతా. ఇవాళే పందెం. కొండ కింద మిల్లు దగ్గరి జెండాగుడ్డను లాక్కుని, ఏ సందులోంచైనా సరే, ముందుగా ఇక్కడికి తెచ్చినవాడే విజేత. అతన్ని భుజాలమీద చర్చికి మోయాలి. అక్కడ గుడ్డ విప్పేదాకా కాలు నేల తాకకూడదు.

దొంగ అని అరిస్తే? కత్తి చూసి జనం పక్కకు తప్పుకుంటారు.

ఎర్సీలియా ఊపిరంతా కూడగట్టుకుంటుంది.

"గెలిచాడ్రోయ్! ఎత్తండి!"

చంకలో గుడ్డచుట్ట చూసి నలభై చేతులు లేచాయి. తుల్లియో గాల్లో! కత్తి ఎక్కడో జారిపోయింది.

గెలవలేదని మొత్తుకుంటాడు. దించమని బతిమాలుతాడు.

"మొదటిసారి అందరూ ఇలాగే సిగ్గుపడతార్రా," అంటాడు మాంసం కొట్టు ఓరెస్తే. "ఈ ఉత్తకాళ్ల పందెంలో బూట్లతో గెలిచినవాణ్ణి మాత్రం నిన్నే చూస్తున్నా."

నేనెక్కడున్నానంటారా? సారాయి కొట్టు అరుగుమీద, వాచిన కాలు బారజాపుకుని. పట్టుకున్నానన్నాను కదా... ఊరేగింపులోంచి జారిపడ్డ అతని ఎడమ బూటు పట్టుకున్నాను.

చర్చి.

గుడ్డ విప్పుతారు...

నూలుపోగు లేని వీరులిద్దరూ ఊరి మొహంలోకి చూస్తారు.

మోసినవాళ్లు తల తిప్పి దొంగను చూస్తారు. మెల్లగా దించుతారు. తుల్లియో కాలు నేల తాకింది.

ఎదురుగా ఎర్సీలియా.

"చెప్పానుగా నాయనా."

ఢాం! తుపాకీ పేలింది!

తుపాకీ ఎక్కడిదా? కథలో నేనే పెట్టాను. నిజానికది ఎర్సీలియా చెంపదెబ్బ. ఆ చప్పుడు విన్నవాళ్లెవరూ ఇంతవరకు నన్ను తప్పుపట్టలేదు.