జనవరిలోనే తెలుసు

ఆ పొద్దున ఒట్టావాలో చలి మైనస్ ఇరవై ఆరు. గార్నెట్ ఇంటిముందు మంచు ఎత్తిపోసి, చేతులు రుద్దుకుంటూ వంటింట్లోకి వచ్చేసరికి పొయ్యి మీద ఓట్స్ జావ కుతకుతలాడుతోంది. భార్య ఆర్లీన్ గరిట పట్టుకుని, కలపడం మరిచిపోయి అలాగే నిలబడి ఉంది. అడుగంటిన వాసన ఇల్లంతా కొడుతున్నా ఆమెకు తెలియలేదు.

"అయ్యో, మాడిపోతోంది! తప్పుకో, నేను చూస్తా. నువ్వెళ్ళి కూర్చో," అన్నాడు గార్నెట్.

ఆమె కూర్చుంది. పదకొండు గంటలకు పార్లమెంటు ప్రజాపద్దుల కమిటీ ముందు హాజరు కావాలి. అధికారిగా ముప్పై ఏళ్ళలో అక్కడికి చాలాసార్లు వెళ్ళింది, ఎప్పుడూ ఇంత భయపడలేదు. ఆమె విశ్రాంత సైనికుల గృహసేవా సంస్థకు అధిపతి. ఇంట్లో ఎక్కువసేపు ఒంటరిగా ఉండే ముసలి సైనికుల మెడలో ఆ సంస్థ ఒక బటన్ వేస్తుంది. పడిపోయినప్పుడు నొక్కితే ఎవరో ఒకరు పరుగెత్తుకుంటూ రావాలి. రెండేళ్ళ కింద ప్రభుత్వం డబ్బు కుమ్మరించి దేశమంతటా కొత్తవి పంచింది. తీరా చూస్తే వాటిలో చాలామటుకు మోగనే లేదు. ఆ సంగతి ఆడిటర్ల నివేదికలో బయటపడిన దగ్గర్నుంచి ఆర్లీన్ కంటికి కునుకు లేదు.

గార్నెట్ బళ్ళో పిల్లలకు హాకీ నేర్పి రిటైరైన మనిషి. ఆటకు ముందు సాధన లేకపోతే అతనికి తోచదు. పొయ్యి మీది టైమరు ఆరు నిమిషాలకు తిప్పాడు. కమిటీలో ఒక్కో సభ్యుడికి ఆరు నిమిషాలే, ప్రశ్నా అందులోనే, జవాబూ అందులోనే. ఆ ఊళ్ళో పెద్ద అధికారులందరికీ వచ్చిన విద్య ఒకటుంది. చిక్కు ప్రశ్న పడగానే ముందు ధన్యవాదాలు చెప్పాలి, తర్వాత తమ శాఖ పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి, అసలు మాట దగ్గరికి వచ్చేలోపు గడియారం మోగిపోవాలి. ఆర్లీన్ అందులో ఆరితేరిన మనిషి. పొగడ్త కాదు, ఉన్నమాటే చెబుతున్నాను.

అప్పుడే ఆమె తండ్రి ఎమ్మెట్ వాకరు తోసుకుంటూ వచ్చాడు. ఎనభై మూడేళ్ళు. వయసులో ఉండగా సైప్రస్‌లో శాంతిసేనలో పనిచేసి వచ్చాడు.

"ఏంటి, పొద్దున్నే పరీక్షలా? ఫెయిలైతే జావ పెట్టరా?"

"మామయ్యా, మీరే కమిటీ అధ్యక్షులు. టైమరు మోగగానే 'సమయం అయిపోయింది' అనాలి."

"అధ్యక్షుడికి ఏమిస్తారు?"

"మేపుల్ సిరప్ రెండు చెంచాలు ఎక్కువ."

"మాడిన జావలో పోస్తే ఏం లాభంలే," అన్నాడు ముసలాయన. ఆర్లీన్ ఫక్కున నవ్వింది. నవ్వి ఎన్నాళ్ళయిందో.

గార్నెట్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఈ బటన్లు మోగడం లేదని మీకు మొదట ఎప్పుడు తెలిసింది?"

"మంచి ప్రశ్న అడిగారు, ధన్యవాదాలు. మా సంస్థకు దేశమంతటా పదకొండు ప్రాంతీయ కార్యాలయాలు ఉన్నాయి. ఫిర్యాదులు ముందు అక్కడికి వస్తాయి, వాటిని పరిశీలించి మాకు పంపుతారు. అలా మాకు మొదటి ఫిర్యాదు పోయినేడు మార్చి పన్నెండున అందింది. అందిన వెంటనే..."

"మార్చా?" అన్నాడు ఎమ్మెట్.

టైమరు టిక్కుటిక్కుమంటోంది.

"నేను పడింది జనవరిలో కదమ్మా," అన్నాడు ఆయన మెల్లగా.

నిజమే. పోయినేడు జనవరిలో, ఇదే ఇంట్లో, స్నానాల గదిలో ఆయన కాలుజారి పడ్డాడు. కూతురు ఆఫీసులో, అల్లుడు మంచుబాటల మీద స్కీయింగులో. సంస్థ ఇచ్చిన బటన్ నొక్కాడు, నొక్కాడు, ఎవరూ రాలేదు. నాలుగు గంటల తర్వాత గార్నెట్ వచ్చి చూసి లేవదీశాడు. మర్నాడే ఆర్లీన్ అంగడికి వెళ్ళి ఇంకో కంపెనీ బటన్ కొని తండ్రి మెడలో వేసింది. పాతదాన్ని సొరుగులో పడేసింది. ఆఫీసులో మాత్రం పెదవి విప్పలేదు.

"నాన్నా, అది ఇంటి విషయం. సొంతవాళ్ళ గొడవ ఆఫీసుకి మోసుకెళ్ళకూడదు. అది మా నియమం. అధిపతి తండ్రికి జరిగిందంటే కిందవాళ్ళు పన్లన్నీ మానేసి నీ వెనకే పడతారు. పదవి వాడుకుందంటారు."

"పదవి వాడుకోకూడదని దాచావా, పరువు పోతుందని దాచావా?"

"మామయ్యా!" గార్నెట్ గరిట బల్ల మీద కొట్టాడు. "నాలుగు గంటల్లో అక్కడ ప్రమాణం చేసి కూర్చోబోతోంది. ఇది అడిగే వేళేనా?"

"ప్రమాణం చేస్తుంది కాబట్టే అడుగుతున్నా."

"ఈ సంగతి మన ముగ్గురికి తప్ప పురుక్కి కూడా తెలీదు. తనంతట తనే చెప్పి కొంప మీదకి తెచ్చుకోవాలా? రిటైరవడానికి పదకొండు నెలలుంది. రేపు టీవీలో దీని మొహం వేసి తిడుతుంటే మీరు చూసి భరిస్తారా?"

గార్నెట్ గొంతు పెరిగింది. కోపం అనుకునేరు, కాదు. అది భయం.

ఎమ్మెట్ అల్లుడి వైపు చూడలేదు. "సడ్‌బరీ ఊళ్ళో ఒకతను ఆ మరునెల ఫిబ్రవరిలోనే పోయాడు. నివేదిక నేనూ చదివానమ్మా, భూతద్దం పెట్టుకుని మొత్తం చదివా. నలభై ఒక్కసార్లు నొక్కాడట. నాకైతే నువ్వు అంగట్లో కొన్నావు. అతనికెవరు కొంటారు?"

ఆర్లీన్ మొహం చేతుల్లో దాచుకుంది. "నాకు భయమేస్తోంది నాన్నా. చెప్తే అన్నీ పోతాయి."

"నాకు మాత్రం లేదా భయం? నా మూలంగా నా కూతురి బతుకు ఏమవుతుందోనని గుండె దడదడలాడుతోంది. అయినా అడక్కుండా ఉండలేకపోయా."

టైమరు గణగణా మోగింది. అధ్యక్షుడు ఏమీ అనలేదు. గార్నెట్ లేచి దాన్ని ఆపేశాడు. జావ ఎవరూ ముట్టలేదు. ఆర్లీన్ కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

కమిటీ గదిలో కూర్చున్నాక రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. చెయ్యెత్తి ప్రమాణం చేసింది. వెనక వరసలో గోధుమరంగు కోటు వేసుకున్న నడివయసు మనిషి ఒంటరిగా కూర్చుంది. ఆమె సడ్‌బరీలో చనిపోయినతని కూతురని ఆర్లీన్ సహాయకుడు చెవిలో చెప్పాడు. ఇక ఆ తర్వాత ఆర్లీన్ వెనక్కి తిరగలేదు.

మొదటి ముగ్గురి ప్రశ్నలూ గండం లేకుండా గడిచాయి. నాలుగో సభ్యురాలు డ్వోరక్, సస్కాచెవాన్ నుంచి వచ్చిన మాజీ నర్సు. లెక్కలన్నీ అడిగి అడిగి, చివర్లో కాగితాలు పక్కన పెట్టింది.

"ఇవి మోగడం లేదని మీకు మొదట ఎప్పుడు తెలిసింది? మీ సంస్థకు కాదు, మీకు."

గోడమీది గడియారంలో ఇంకా నిమిషం నలభై సెకన్లుంది. చాలు. పదకొండు కార్యాలయాల పేర్లు చదివినా గడిచిపోతుంది.

"మంచి ప్రశ్న అడిగారు, ధన్యవాదాలు," అంది ఆర్లీన్. నాలుక దానంతటదే నడుస్తోంది. "మా సంస్థకు దేశమంతటా పదకొండు ప్రాంతీయ కార్యాలయాలు..."

డ్వోరక్ కలం మూత పెట్టేసింది. కోపం లేదు, ఆశ్చర్యం లేదు. ఇలాంటివి వందసార్లు విన్న మనిషి మొహం అది. ఆర్లీన్ మాట మధ్యలో ఆపేసింది.

"క్షమించండి. మళ్ళీ మొదటినుంచి చెప్తాను. నాకు జనవరిలోనే తెలుసు."

ఫ్రెంచిలోకి చెప్పే దుబాసీ గొంతు ఒక్క క్షణం ఆగింది.

"మా నాన్న మా ఇంట్లోనే పడిపోయారు. బటన్ మోగలేదు. నేను మర్నాడే ఆయనకు వేరేది కొన్నాను. మిగతావాళ్ళ గురించి ఎవరికీ చెప్పలేదు."

"సమయం అయిపోయింది," అన్నాడు కమిటీ అధ్యక్షుడు. తర్వాతి వంతు పాలకపక్షం సభ్యుడిది. మెత్తని ప్రశ్నలు వేసి ఆమెను ఒడ్డున పడేయాల్సినవాడు. అతను మైకు పక్కకి జరిపి, "నా ఆరు నిమిషాలూ డ్వోరక్ గారికే ఇస్తున్నాను," అన్నాడు.

"ఎందుకు చెప్పలేదు?" డ్వోరక్ అడిగింది.

"సొంతవాళ్ళ విషయం తేకూడదన్న నియమం ఉందని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. నేను సంతకం పెట్టి కొన్న బటన్లవి. భయపడ్డాను."

"చెప్పి ఉంటే సడ్‌బరీ మనిషి బతికేవాడా?"

"బతికేవాడేమో. ఆయన చనిపోయింది ఫిబ్రవరి చివర. అన్నీ వెనక్కి రప్పించడానికి అయిదు వారాల సమయం ఉండేది."

బయట నడవాలో గోధుమరంగు కోటు మనిషి ఆమె కోసం నిలబడి ఉంది. తిడుతుందని, కొడుతుందని ఆర్లీన్ అనుకుంది.

"మీ నాన్న ఉన్నాడా?" అని అడిగింది ఆమె.

"ఉన్నారు."

ఆమె తలూపి వెళ్ళిపోయింది. అంతే. దానికంటే రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది.

కారెక్కేలోపే మంత్రి కార్యాలయం నుంచి ఫోనొచ్చింది, రేపటినుంచి ఆఫీసుకు రావద్దని. ఆర్లీన్ ఇల్లు చేరేసరికి రెండయింది. గార్నెట్ తలుపు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "టీవీలో అంతా చూశాం," అని ఆమెను దగ్గరికి తీసుకున్నాడు. "పొద్దున నేను నోటికొచ్చినట్టు వాగాను. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదే," అన్నాడు చెవిలో.

ఎమ్మెట్ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఆమె కోటైనా విప్పకుండా వెళ్ళి ఆయన ముందు కూర్చుంది.

"ఉద్యోగం పోయినట్టే నాన్నా."

"నామీద కోపంగా ఉందా?"

"లేదు. భయం మాత్రం ఇంకా పోలేదు. నాన్నా, ఒకటి అడగనా?" ఆమె ఇంకాస్త ముందుకు జరిగింది. "ఆ రోజు... ఆ నాలుగు గంటలూ ఏం చేశావు?"

ఆయన ఉలిక్కిపడి చూశాడు. పదమూడు నెలలు ఒకే కప్పు కింద ఉన్నారు. ఈ ప్రశ్న ఆమె ఒక్కనాడూ అడగలేదు. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే ఊరుకోవడం కుదరదు, అందుకే అడగలేదని ఆర్లీన్‌కు ఇప్పుడు అర్థమైంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోయాయి.

"వద్దులే అమ్మా, బాగోదు," అన్నాడు ముసలాయన.

"చెప్పు నాన్నా."

ఆయన మొహం కిటికీవైపు తిప్పుకున్నాడు.

"మొదట నిన్ను పిలిచానమ్మా. ఇంట్లో లేవని తెలుసు, అయినా పిలిచా. గొంతు పోయేదాకా పిలిచా. తర్వాత బట్టలు తడిసిపోయాయి. నువ్వొచ్చి ఆ అవతారంలో చూస్తావేమోనని సిగ్గేసింది. అప్పుడిక నువ్వు రాకపోతేనే బాగుండుననుకున్నా."

ఆర్లీన్ తండ్రి మోకాళ్ళ మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఆమె జుట్టు నిమురుతూ మిగిలిన మూడు గంటల సంగతీ చెప్పాడు. ఆమె ఒక్క మాట కూడా పోకుండా విన్నది.