తెర కింది సగం

నేను ఇంతవరకు ఏదీ రాయలేదు. ఉత్తరం కూడా రాయలేదు, నాకు ఆ అవసరం వచ్చేసరికి ఫోన్లు వచ్చేశాయి. ఐదో తరగతి దాకా తెలుగు బడిలో చదివాను, అంతే. మా తెలుగు సంఘం పుస్తకానికి భయం కథలు కావాలని సాయిలక్ష్మి టీచరు అడిగితే, నలుగురిలో నోరు విప్పలేని దాన్ని, ఎందుకో తల ఊపేశాను. మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. మా ఆయన అప్పలరాముడు బడి మొహం చూడలేదు. కూతురు బేబీరాణిది హిందీ చదువు. అందుకే ధైర్యం చేశాను. ఇది మా ఆయనకి తెలియకూడదు.

మాది సముద్రం మధ్య దీవిలో బ్రూక్షాబాద్. ఆయన, మా తమ్ముడు తాతబ్బాయి ఒకే డింగీలో, అంటే చిన్న ఇంజను పడవలో, చేపల వేటకి వెళ్ళేవారు. చీకట్లో ఇంజను దగ్గర కూర్చున్నవాడికి ముందు వల పట్టుకున్నవాడు కనిపించడు. అందుకని కాసేపటికొకసారి "ఉన్నావా?" అని కేకేస్తారు. అవతలివాడు "ఉన్నా" అనాలి. పలక్కపోతే పడవ వెనక్కి తిప్పి, దొరికేదాకా వెతకాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు మాత్రం ఆ కేకకి పలకకూడదు. పలికితే ఆ పడవ మనిషివైపోతావని మా అత్త తాతమ్మ చెప్పేది.

బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక నేవీ ఆఫీసరు ఇంట్లో సామాను అమ్మేస్తుంటే, మా ఆయన టీవీకి పెట్టుకునే గేము డబ్బా కొన్నాడు. దానితో ఒకే ఆటవి నాలుగు భాగాలు వచ్చాయి. చుక్కల మధ్య ఎక్కడో ఒక లోకం, పురుగుల్లాంటి రాక్షసులు, ఇనప టోపీల సిపాయిలు, తుపాకులు. ఆ ఆటకి పిల్ల ఆటలు కూడా రెండున్నాయి. ఒకదాంట్లో బండి నడపాలి. ఇంకోదాంట్లో చిన్న ఓడ వేసుకుని, తప్పిపోయిన సిపాయిల్ని ఏరుకు రావాలి. అవి ఒక్కడే ఆడేవి. "తోడు నేని ఆట ఏం ఆట?" అని మా ఆయన వాటిని ముట్టేవాడు కాదు. పెద్ద ఆటలో ఇద్దరుంటే తెర రెండుగా చీలుతుంది. పై సగం మా ఆయన నీలం సిపాయిది, కింది సగం తాతబ్బాయి ఎర్ర సిపాయిది.

"పప్పా, నన్ను పఢాయీ చెయ్యమని తిడతావు, నువ్వేమో రోజంతా ఆ లోకంలోనే ఉంటావు" అని బేబీరాణి ఎత్తిపొడిచేది.

"అక్కడ చేపల్నేవే. అందుకే అన్నం యేలకి వచ్చేత్తన్నాను" అనేవాడు.

ఆటలోనూ "ఉన్నావా?", "ఉన్నా" అనుకుంటూనే ఆడేవారు. ఆట చివర ఒక పేజీ వస్తుంది. ఇద్దరి పేర్లు, ఎవరెంతసేపు ఆడారో అంకెలు. నాకు ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు. ఎప్పుడూ రెండే వరసలు.

ఆగస్టులో తాతబ్బాయి సముద్రంలో పోయాడు. శవం దొరకలేదు. ఆ వేళ మా ఆయన ఏదో ఆలోచనలో పడి కాసేపు కేకెయ్యడం మరిచిపోయాడు. గుర్తొచ్చి "ఉన్నావా?" అనేసరికి ముందు ఎవరూ లేరు. అప్పట్నుంచి ఆయన వేటకి వెళ్ళలేదు. నిద్ర లేదు. పొద్దున్నించీ ఆ టీవీ ముందే. కింది సగంలో ఎర్ర సిపాయి కదలకుండా నిలబడి ఉండేవాడు. చూడలేక నేను తాతబ్బాయి ఆడే రిమోట్‌లోంచి సెల్లులు రెండూ తీసేసి టార్చిలో వేసుకున్నాను.

డిసెంబరులో మాకు ఐదు కొట్టేసరికే చీకటి. ఆ సాయంత్రం గాలివాన. ఓడలన్నీ ఆపేశారు. బేబీరాణి కాలేజీ వాళ్ళతో డిగ్లీపూర్ వెళ్ళింది. వంటింట్లో కొబ్బరి తురుముతుంటే తుపాకుల మోత ఆగిపోయింది. వాన చప్పుడొక్కటే. తర్వాత వాసన వచ్చింది... ఉప్పు, తడి వల, కాలిన ఇంజను నూనె.

టార్చి పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళాను. మా ఆయన చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని గొణుగుతున్నాడు.

తెర కింది సగంలో ఎర్ర సిపాయి నడుస్తున్నాడు.

రిమోటు స్టూలు మీదే ఉంది. దాని సెల్లులు నా చేతిలో, టార్చిలో ఉన్నాయి.

"ఎవరితో మావా?"

"మీ తమ్ముడే. దారి తెల్దంట. పిలుత్తన్నాడు."

ఆయన లేచాడు. హెడ్‌ఫోను తీసి కుర్చీ మీద పెట్టి పెరట్లోకి నడిచాడు. పెట్రోలు డబ్బా కోసమని తెలిసిపోయింది.

"గాలి చూడు మావా... ఎల్లొద్దు."

"ఆ వేళ నేను అడగనేదు సీతాలూ. ఇప్పుడు ఆడు అడుగుతన్నాడు."

పెరట్లో డబ్బా ఈడ్చిన చప్పుడు. ఆ గాలిలో డింగీ వేసుకెళ్తే తిరిగి రాడు. కేకకి ఎవరో ఒకరు పలికితేనే ఆ కేక ఆగుతుంది. నేను హెడ్‌ఫోను పెట్టుకున్నాను.

ముందు సముద్రం. దూరంగా ఇంజను. ఆపైన ఊపిరి... నీళ్ళు మింగుతున్న ఊపిరి.

"ఉన్నావా?"

తాతమ్మ మాట గుర్తొచ్చింది. పెదవులు బిగించాను.

"ఉన్నావా..."

పెరటి తలుపు కిర్రుమంది. మా ఆయన వస్తున్నాడు.

"బావా... ఉన్నావా?"

"ఉన్నా" అన్నాను.

ఊపిరి ఆగింది. ఎర్ర సిపాయి ఆగాడు. మెల్లిగా తిరిగాడు. ఇనప టోపీ నా వైపు.

"...అప్పా?"

చిన్నప్పట్నుంచీ వాడు అక్కనైన నన్ను అలాగే పిలిచేవాడు. హెడ్‌ఫోను తీసి కుర్చీలో పడేశాను.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో డబ్బా. దాని వైపు ఎవరిదో అన్నట్టు చూశాడు.

"ఇదేటి, ఎందుకు తెచ్చానిది? ఆకలేత్తంది సీతాలూ, అన్నం ఎట్టు."

కడుపునిండా తిన్నాడు. పడుకున్నాడు. నాలుగు నెలల తర్వాత గురక పెట్టాడు. నేను గోడకి ఆనుకుని అలాగే కూర్చున్నాను.

తెల్లారింది. వాన వెలిసింది. ఆయన ఇంకా నిద్రలోనే ఉన్నాడు. ఆయన నొక్కగా చూసినట్టే నొక్కి, ఆ పేర్ల పేజీ తెచ్చాను. మా ఆయన పేరు, అంకె. తాతబ్బాయి పేరు, అంకె. వాటి కింద మూడో వరస ఉంది. పేరు లేదు. నిన్న నేను పలికినప్పట్నుంచి లెక్కేసినట్టు, పన్నెండు గంటల ఏడు నిమిషాలు అని ఉంది.

వంగి ప్లగ్గు పీకేశాను. లేచి చూస్తే తెర అలాగే వెలుగుతోంది. ఏడు నిమిషాలు ఎనిమిదయ్యాయి.

కుర్చీలో పడున్న హెడ్‌ఫోనులోంచి సన్నగా సముద్రం, దాని మధ్య మళ్ళీ "ఉన్నావా?" వినిపిస్తోంది. పక్క గదిలో మంచం కిర్రుమంది. ఆయన కదులుతున్నాడు.

స్టూలు దగ్గరకి లాక్కుని కూర్చున్నాను. హెడ్‌ఫోను చెవులకి పెట్టుకున్నాను. ఆయన లేచేలోగా పలకాలి.