వత్తి కాలకుండా కరిగిన పూలు

"నాన్నా... సాయంత్రానికి ఆటో మాట్లాడుకుని వచ్చి నన్ను తీసుకెళ్ళిపోండి!"

ఫోనులో కోడలు ఉషశ్రీ అన్న మాట వంటింట్లో ఉన్న శ్యామలాదేవి చెవిన పడింది. ఆమె చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది! నందిగామ ఎంత దూరమని? బస్సెక్కితే అరగంట... కానీ అలిగి పుట్టింటికి వెళ్ళిన పిల్లకి ఆ అరగంట ఎన్నేళ్ళవుతుందో ఎవరికి తెలుసు! అయినవాళ్ళు గుమ్మం దిగి వెళ్ళిపోతుంటే వెనక నిలబడి చూడటం శ్యామలాదేవికి కొత్త కాదు. తన తోడికోడలు అలాగే వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఇప్పుడీ పిల్లా... దేవుడా!

ఉషశ్రీ మైనంతో తామరపూలు చేస్తుంది. రేకు రేకూ చేత్తో వంచి, మధ్యలో వత్తి పెట్టి, నీళ్ళలో తేలే దీపాలుగా తయారుచేస్తుంది. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే భర్త రాజ్‌కిరణ్ కంప్యూటరు కొన్నప్పటినుంచి వాటి ఫొటోలు ఇంటర్నెట్టులో పెట్టి అమ్ముతోంది. జగ్గయ్యపేటలో కూర్చున్న పిల్ల దగ్గర ఢిల్లీవాళ్ళు ముందే డబ్బు కట్టి పూలు కొనుక్కోవడమేమిటో, ఆ విడ్డూరం శ్యామలాదేవికి ఇప్పటికీ అంతుపట్టలేదు!

మే నెల వచ్చింది. ఫిర్యాదులూ వచ్చాయి. పూలన్నీ కరిగి ముద్దయిపోయాయట! ఎండకి పాడైన సరుకుకి డబ్బు తిరిగివ్వాలి, లేదా తప్పు తమది కాదని అమ్మినవాళ్ళు చూపించాలి. రెండూ చెయ్యకపోతే ఆ సైటువాళ్ళు ఉషశ్రీ దుకాణం మూసేస్తారు. ఉషశ్రీ అందరికీ తిరిగిచ్చేస్తానంది. ఆ మాట మీదే పొద్దున ఇంట్లో అగ్గి రాజుకుంది.

"వెలిగించుకుని, వేడుక కాస్తా అయ్యాక కరిగాయంటున్నారమ్మా వాళ్ళు!" అన్నారు మామగారు రామకోటేశ్వరరావు. "ఇంతకాలంగా కిరాణా కొట్టు నడుపుతున్నా, ఇలాంటి బేరాలు నాకు కొత్తా? అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని మన కొట్లో బోర్డే ఉంది!"

"వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు మావయ్యగారూ..."

"అయితే నీ మైనమే నాసిరకం! మా ఇంటి సరుకు బాగోలేదన్న మాట మా నాన్న పడలేదు, నేను పడలేదు. నీ చేతి సరుకుతో పడ్డాం! కట్టెయ్ ఆ కంప్యూటరు కొట్టు!"

నాసిరకం! ఆ ఒక్క మాటకి ఉషశ్రీ మొహం తెల్లబోయింది. గదిలోకి వెళ్ళి సూట్‌కేసు కిందికి దించింది.

శ్యామలాదేవి కొంగుతో కళ్ళు తుడుచుకుని కోడలి పక్కన కూర్చుంది. మనసులో ఒకటే సందేహం తొలుస్తోంది...

"ఉషా... ఆ కరిగిన పూల ఫొటో ఒక్కసారి చూపించవే."

"ఇప్పుడెందుకత్తయ్యా?"

"చూపించమ్మా, నా తల్లివి కదూ!"

తెర మీద పార్సిలు పెట్టెలో గులాబీరంగు ముద్ద కనిపించింది. శ్యామలాదేవి కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది.

"వత్తులు తెల్లగానే ఉన్నాయే! ఒక్కటీ వెలిగించలేదు. మీ మావయ్యగారు అన్నది తప్పు... ఇది చూడు. పళ్ళెంలో పోసిన మైసూర్‌పాక్ లాగా నాలుగు మూలలకీ సమానంగా సర్దుకుంది! కుదుపుల్లో కరిగితే ఓ పక్కకి ఒరిగిపోదూ? ఇది ఎక్కడో కదలకుండా కూర్చుని ఉడికిందే!"

ఎక్కడ? ఒక పువ్వు తెచ్చి వరండాలో ఎండలో పెట్టింది. రేకులు వాలాయిగానీ ముద్ద కాలేదు. మరో పువ్వు స్టీలు డబ్బాలో పెట్టి మూతేసి డాబా మీద ఉంచింది. వంట పూర్తయ్యాక వెళ్ళి మూత తీస్తే రేకులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి! మూసిన ఇనుము... గాలాడని చోటు... అలాంటిది దారిలో ఎక్కడుంది?

ఆలోచిస్తూనే క్యారేజీ పట్టుకుని కొట్టుకి వెళ్ళింది. రేకుల కప్పు కింద కొట్టు నిప్పుల కుంపటిలా ఉంది. రామకోటేశ్వరరావుగారు డబ్బు దాచడానికి లేచి, మూలనున్న ఇనప్పెట్టె పిడిని తుండుగుడ్డ చుట్టి పట్టుకున్నారు...

"ఏవండీ! ఆ గుడ్డ ఎందుకు?"

"చెయ్యి కాలుతుందే! పొద్దుట్నుంచీ ఎండంతా ఈ గోడకే కొడుతుంది."

తలుపు తెరుచుకుంది. లోపల, నగల పెట్టె పక్కన, ఉషశ్రీ పార్సిళ్ళు పొందిగ్గా పేర్చి ఉన్నాయి! పొద్దున రాజ్‌కిరణ్ ఫ్యాక్టరీకి వెళుతూ దించినవి... రోజూ సాయంత్రం కొరియరువాళ్ళు వచ్చేదాకా అవి ఉండే చోటు అదన్నమాట!

శ్యామలాదేవి ఒక పార్సిలు తీసి, టేపు లాగి, ఆయన ముందు పెట్టింది.

రామకోటేశ్వరరావుగారు ఆ ముద్దనే చూస్తూ స్టూలు మీద కూలబడ్డారు. క్యారేజీ విప్పలేదు. కాసేపటికి కొట్టు తలుపులు దించారు!

వాళ్ళు ఇంటికి వచ్చేసరికే, సాయంత్రం దాకా ఆగకుండా వచ్చిన ఆటో గుమ్మం ముందు ఉంది. సూట్‌కేసు అందులోకి ఎక్కేసింది. ఉషశ్రీ తండ్రి వరప్రసాదరావు, ఇచ్చిన కాఫీ ముట్టకుండా వరండాలో నిలబడి ఉన్నాడు.

"ఉషా... పొరపాటు నాదమ్మా. నీ పూలు ఇనప్పెట్టెలో పెట్టి నేనే కరిగించా!"

"పొరపాటంటే సరిపోయిందా బావగారూ? నా కూతురి చేతి పనిని నాసిరకమన్నారే!" అన్నాడు వరప్రసాదరావు.

ఉషశ్రీ మాత్రం మామగారినే వింతగా చూస్తోంది.

"ఇనప్పెట్టెలో ఎందుకు పెట్టారు మావయ్యగారూ? మీ కొట్టు సరుకేదీ అందులో పెట్టరుగా?"

ఆయన తల వంచుకున్నారు.

"మొహమైనా చూడకుండా నిన్ను నమ్మి ముందే డబ్బు కట్టారు కదమ్మా వాళ్ళు... అలాంటి సరుకు పప్పు బస్తాల పక్కన పెట్టబుద్ధి కాలేదు. పోతే మాట పోతుందని మీ అత్తయ్య నగల పక్కన పెట్టా..."

ఉషశ్రీ కళ్ళు నిండిపోయాయి. తన పని ఈయనకి గిట్టదనే కదా ఇన్నాళ్ళూ అనుకుంది!

"అందరికీ డబ్బు తిరిగిచ్చెయ్. మా కొట్టు వేడికే కరిగాయని రాయి. కింద నా పేరు పెట్టు."

"మీ పేరెందుకు మావయ్యగారూ?"

"మరి తప్పు చేసిందెవరమ్మా?"

ఉషశ్రీ చెంపలు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. మొదటి ఉత్తరం హైదరాబాదులో వాజిదా అనే ఆవిడకి. ఆయన చెబుతుంటే టైపు చేసింది, డబ్బు వెనక్కి పంపింది.

"చదివిందంటావా?" వెనక నిలబడి అడిగారాయన.

"ఇప్పుడేగా పంపాం మావయ్యగారూ!"

"...ఇప్పుడో?"

ఉషశ్రీ ఫక్కున నవ్వింది. కన్నీళ్ళు ఇంకా ఆరనేలేదు! గుమ్మంలో ఉన్న వరప్రసాదరావు కూడా మీసాల చాటున నవ్వు దాచుకున్నాడు.

"నాన్నా, ఆటో పంపించెయ్యండి. మీరు భోంచేసి బస్సుకి వెళ్దురుగాని," అంది తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఆ మాట కోసమే ఊపిరి బిగబట్టిన శ్యామలాదేవి చెప్పులు కూడా వేసుకోకుండా కాలే నేల మీద పరుగున వెళ్ళింది. ఆటోవాడు సాయానికి వస్తున్నా ఆగలేదు. ఎవరి మనసైనా మళ్ళీ మారిపోతుందేమోనన్న భయంతో, ఆ బరువైన సూట్‌కేసుని తనే రెండు చేతులా కిందికి లాగేసుకుంది!